కొసరు పాట

పోయిన ఆదివారం చేవెళ్లలో మా అన్న మనవడికి పుట్టువెంట్రుకలు తీయించే వేడుక ఉంటే మొయినాబాద్ నుండి అందరం కారులో బయలుదేరాము. అందరమంటే ముగ్గురమే, కోడలు కారు నడుపుతున్నది, మావారు ముందు సీట్లో బెల్టు బిగించుకొని అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నారు, నేను వెనక సీట్లో ఒక పక్క పళ్ళ బుట్టను, ఒక పక్క బట్టల సంచిని కాపాడుకుంటూ కూర్చున్నాను. అబ్బాయికి ఆదివారం కూడా ఆఫీసు పనేనట, ఆ మాట నేను నమ్మలేదు, అయితే అది వేరే సంగతి. కారులో పాటలు పెట్టింది మాత్రం మా ముగ్గురిలో ఎవరూ కాదు, ఫోను. దాన్ని ప్లేలిస్ట్ అంటారని, మనం చేర్చిన పాటలన్నీ వరుసగా వస్తాయని, అవి అయిపోయినా ఆగకుండా అదే మన మనసు కనిపెట్టి ఇంకొన్ని వేస్తుందని కోడలు నాకు చాలాసార్లు చెప్పింది. ఆ మనసు కనిపెట్టడమనే ముక్క దగ్గరే నాకు అనుమానం.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. కిరాణా దుకాణం వెనక గదిలో పుట్టి, చింతపండు బుట్టల మధ్య పారాడి, ఎదుటి మనిషి మాటలు వింటూనే కన్ను మాత్రం కాంటా ముల్లు మీద ఉంచాలని బాపు, అంటే మా నాన్న, చెప్పగా విని పెరిగినదాన్ని. ఊరికే వచ్చేది ఏదైనా సరే వెనక్కి తిప్పి ఒకసారి చూసుకుంటే తప్ప నాకు మింగుడుపడదు. మొన్నటికి మొన్న పక్కింటావిడతో మోకాళ్ళ నొప్పి గురించి మాట్లాడి లోపలికి వచ్చానో లేదో, ఫోనులో మోకాళ్ళ నూనె బొమ్మ ప్రత్యక్షమైంది. గోడలకు చెవులుంటాయని పెద్దలు అన్నారు గానీ, ఆ గోడను మనమే కొనుక్కొని సంచిలో వేసుకొని తిరుగుతామని వాళ్ళకు తోచి ఉండదు. అందుకే ఫోను పాట వేసినప్పుడల్లా నేను పాట ఒక చెవితో వింటూ, ఇది నాకెందుకు వేసిందబ్బా అని రెండో చెవితో ఆలోచిస్తూ ఉంటాను.

ఆ రోజు కూడా పాటలన్నీ కలగూరగంపగా వచ్చాయి. ముందు కొరియా పిల్లలెవరో గుంపుగా పాడిన పాట, దాని వెనక ఒక పంజాబీ గెంతులాట, ఆ తరువాత మన బోనాల పాటకే డీజే మోతలు తగిలించినది, ఆ హోరు సద్దుమణగకముందే నా చిన్నప్పటి రేడియో పాట ఒకటి. నిజం చెప్పాలంటే ఈ ఒక్క సంగతిలో నేను ఫోనును మెచ్చుకుంటాను, మా కోడలి ఈడు పిల్లలు మా కాలపు పాటను కూడా ముఖం చిట్లించకుండా, పైగా తామే దాన్ని తవ్వి తీసినంత మురిపెంగా వింటున్నారు. పాత బియ్యానికి ధర ఎక్కువని మా దుకాణంలో అనేవాళ్ళం, పాటలకు కూడా అలాంటిదేదో ఉన్నట్లున్నది. కారు పూల తోటలు దాటి, ఫామ్‌హౌసుల ప్రహరీలు దాటి, ప్లాట్ల బోర్డులు దాటి పోతూంటే, ఏ పాట వెనక ఏ పాట వస్తుందో తెలియక నేనూ కాసేపు హాయిగానే ఉన్నాను.

కనకమామిడి బస్సు స్టేజీ దగ్గర రోడ్డు పనుల వల్ల బండ్లన్నీ ఆగిపోయాయి. అప్పుడు వచ్చింది ఆ జోలపాట. పాత సినిమాలో ఒక తల్లి ఊయల ఊపుతూ పాడే పొడుగుపాటి పాట, చరణం మీద చరణం, పిల్లవాడు నిద్రపోయినా తల్లి ఆపదు. అది మా అత్తయ్య పాట. సరే, పాతవి కూడా వేస్తున్నది కదా, వచ్చిందిలే అనుకున్నాను. అది ముగిసీ ముగియగానే, నడుమ ఇంకో పాట రాకుండా, రెండు నిమిషాలు కూడా పట్టని ఒక చిన్న పాట మొదలైంది. మళ్ళీ ఎప్పుడొస్తావని ఒక అమ్మాయి అడిగే పాట అది, ఒక పల్లవి, ఒక చరణం, అంతే.

నా గుండె ఝల్లుమంది. ఆ రెండు పాటలూ ఒక సినిమావి కావు, ఒకరు పాడినవి కావు, ఒక కాలానివి కూడా కావు. వాటి నడుమ ఉన్న సంబంధమల్లా ఒక్కటే, ఒకప్పుడు నేను వాటిలో ఒకదానికి చోటివ్వడానికి రెండోదాన్ని తీసేశాను. ఆ సంగతి ఈ భూమి మీద నాకు తప్ప ఎవరికీ తెలియదన్న ధీమాతో ఇన్నేళ్ళు కాపురం చేశాను. మోకాళ్ళ నొప్పి గురించి అయితే పైకి మాట్లాడాను, ఫోను విన్నది, సరే. ఈ మాట నేను నోటితో ఎన్నడూ అనలేదే, అది ఎక్కడ విన్నట్లు? ఈ పాటలు ఎవరు పెట్టారని కోడలిని అడిగాను.

“నాకేం తెల్వదు అత్తమ్మా, అదే ఏస్తది” అన్నది కోడలు, అద్దంలో నా వైపు చూసి చటుక్కున చూపు తిప్పుకొని. ఆ తిప్పుకోవడం నాకు నచ్చలేదు. మావారు మాత్రం కళ్ళు తెరవలేదు.

నా ఈడు వాళ్ళకు క్యాసెట్ రికార్డింగ్ సెంటర్లు గుర్తుండే ఉంటాయి. కంపెనీ క్యాసెట్ కొంటే అందులో ఒకే సినిమా పాటలుండేవి, నచ్చేవి రెండైతే నచ్చనివి నాలుగు. అందుకని జనం ఖాళీ క్యాసెట్ తెచ్చి, తమకు కావలసిన పాటలు చెప్పి, ఒకదాని వెనక ఒకటి ఎక్కించుకొని పోయేవాళ్ళు. ప్లేలిస్ట్ అనేదాన్ని ఇప్పటి పిల్లలు కొత్తగా కనిపెట్టినట్లు మాట్లాడితే నాకు నవ్వొస్తుంది, మేము దాన్ని చేత్తో చేసి డబ్బాలో పెట్టి ఇచ్చినవాళ్ళం. చేవెళ్ల బస్టాండు ఎదుటి సందులో మా బాపు కిరాణా దుకాణం ఉండేది. మా అన్న ఇంటర్ తప్పి, ఇంకోసారి రాసి ఇంకోసారి తప్పి, బాపు పోరు పడలేక హైదరాబాదు వెళ్ళి రెండు క్యాసెట్లు పట్టే పెద్ద డెక్కు ఒకటి కొనుక్కొచ్చి, దుకాణాన్ని నడుమకు ప్లైవుడ్ చెక్కతో కోసి సగంలో సెంటర్ పెట్టాడు. సగం దుకాణంలో పప్పులు, సగం దుకాణంలో పాటలు. మా దగ్గర ఎక్కించిన క్యాసెట్ మూత తీస్తే జీలకర్ర వాసన వచ్చేదని గిరాకీలు నవ్వేవాళ్ళు.

సెంటర్ అన్నదే గానీ అందులో కూర్చున్నది నేను. ఒక క్యాసెట్ నిండాలంటే అందులోని పాటలన్నీ మొదటి నుండి చివరిదాకా మోగాలి, అంతసేపు ఒకచోట కూర్చునే ఓపిక అన్నకు లేదు. నేను పదో తరగతి అయి ఇంట్లో ఉన్నాను, కాబట్టి పరదా వెనక మిషను నాకు అప్పజెప్పి, వాడు ముందర కుర్చీలో కాలు మీద కాలేసుకొని పెద్దరికం చేసేవాడు. గిరాకీ ముందర చెప్పిన పాటలు నేను పరదా వెనక నుండే విని ఎక్కించేదాన్ని. పాల వ్యాను నడిపే అతనికి హిందీలో గుండెలు పగిలే పాటలు కావాలి, పటేళ్ళ పిల్లలకు అర్థం కాకపోయినా ఇంగ్లీషు డిస్కో కావాలి, బజారులో బట్టలు కుట్టే సాయిబుకు ఖవ్వాలీలు, సర్కారు బడి పంతులుకు పాత తెలుగు పాటలు, కల్లు దుకాణానికి పల్లె పాటలు. మళ్ళీ ఒక్కొక్కరు ఇలా ఉన్నట్లే ఉండి, క్యాసెట్ చివరికి వచ్చేసరికి గొంతు తగ్గించి ఎవరూ ఊహించని పాట ఒకటి అడిగేవాళ్ళు. డిస్కో పటేలు భజన పాట అడిగేవాడు, పంతులు క్లబ్బు పాట అడిగేవాడు. మనిషి మనసు కనిపెట్టడం ఏమిటో నాకు తెలుసు, దానికి ఆ మనిషి అడిగిన పాటలన్నీ కూర్చొని సాంతం వినాలి. ఫోను అలా వింటుందంటే నేను నమ్మను.

బాపుకు మాత్రం ఆ మిషను మీద మొదట నమ్మకం లేదు. కంటికి కనిపించని సరుకును ఎలా తూస్తావని అన్నను నిలదీసేవాడు. పాట మోగుతూంటే డెక్కు మీద చిన్న ముల్లు ఒకటి అటూ ఇటూ ఊగేది, దాన్ని చూశాక కాస్త మెత్తబడ్డాడు, ముల్లున్న వస్తువు మరీ మోసం చేయదని ఆయన లెక్క. అయితే ఒక రోజు ఎవరో గిరాకీ వచ్చి, క్యాసెట్ రెండో వైపు చివర్లో పాట లేకుండా ఉత్త టేపు తిరుగుతున్నదని చెప్పి పోయాడు. నిజమే, పాటలన్నీ ఎక్కించాక ప్రతి క్యాసెట్‌లోనూ చివర కొంచెం మిగులుతుంది, ఇంకో పాట పట్టదు, ఖాళీగా వదిలేసేవాళ్ళం. బాపుకు అది తెలియగానే ఎక్కడలేని కోపం వచ్చింది.

“ఇదేందిరా, సంచి నింపకముందే ముడేసిస్తవా? కొసరు ఏస్తేనే గద గిరాకీ మళ్ళొచ్చేది!” అని అన్నను ఆ రోజంతా సాధించాడు.

కొసరంటే ఈ కాలం వాళ్ళకు చెప్పాలేమో. బెల్లం తూచాక చిన్న గడ్డ, పుట్నాలు తూచాక ఒక గుప్పెడు, నూనె కొలిచాక ఒక ధార. గిరాకీ అడగకముందే తూకానికి పైన వేయాలి, వేశాక మళ్ళీ కాంటా వైపు చూడకూడదు. అది ధర్మమూ కాదు, దయా కాదు, బేరంలో ఆఖరి మాట. సరేనని అన్న తన దగ్గరున్న క్యాసెట్లన్నీ వెతికి ఆ మిగిలిన టేపులో పట్టే పాట ఒకటి పట్టుకొచ్చాడు, అదే ఆ రెండు నిమిషాల పాట. బాపు దాన్ని పుట్నాలు గంపకెత్తుతూ నిలబడి విన్నాడు. ప్రేమ పాటను దుకాణంలో పెట్టనిస్తాడా అని నేను పరదా వెనక నుండి తొంగి చూస్తూంటే, ఆయన విని తలూపాడు. “మళ్ళెప్పుడొస్తవని అడుగుతున్నది పిల్ల. దుకాణమన్నంక పోయే గిరాకీని అడగాల్సింది గదే. గిదే పెట్టు అందరికీ” అన్నాడు.

ఆ రోజు నుండి చేవెళ్లలో, మొయినాబాద్‌లో, చుట్టుపక్కల పల్లెల్లో మా దగ్గర ఎక్కించిన ప్రతి క్యాసెట్ చివర ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగింది. ఖవ్వాలీల చివరా అడిగింది, భజనల చివరా అడిగింది. ఎవరూ తప్పు పట్టలేదు. కిరాణా దుకాణం వాళ్ళు పెట్టిన సెంటర్ కదా, కొసరు వేశారని నవ్వుకున్నారు.

అలా ఉండగా నాకు మొయినాబాద్‌లో సంబంధం కుదిరింది. వాళ్ళదీ మాలాగే వ్యాపారం చేసే ఇల్లు, బజారులో బట్టల దుకాణం, మంచి పేరు. నన్ను చూసుకోవడానికి వచ్చిన రోజు మా అన్న ఊరుకోక, మిషను మీద పని అంతా మా చెల్లెదే అని గొప్పగా చెప్పాడు. అప్పుడు కాబోయే అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది, ఆ చూపులో మెప్పున్నదో ఇంకేమున్నదో నాకు తెలియలేదు. తాంబూలాలు మార్చుకున్నారు. తరువాత కొన్నాళ్ళకు పెళ్ళికొడుకు ఏదో పని మీద వచ్చినట్లు చేవెళ్ల వచ్చి, అలవోకగా మా దుకాణం ముందు ఆగి, అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్ ఒకటి అన్న ముందు పెట్టాడు. నేను పరదా వెనకే ఉన్నాను. ఆయన గొంతు నేను సరిగ్గా వినడం అదే మొదలు. ఒక్కొక్క పాట పేరు గుర్తు చేసుకుంటూ, తడబడుతూ, చెప్పినదే మళ్ళీ చెబుతూ, మధ్యలో గొడుగు ఎక్కడ పెట్టానని వెతుక్కుంటూ, మొత్తానికి పాటలన్నీ చెప్పి, చివరికి “ఇగ లాస్టుకు మా అమ్మకొక జోలపాట” అన్నారు. పేరు కూడా చెప్పారు. గొడుగు మా దుకాణంలోనే మరిచి వెళ్ళిపోయారు.

నేను ఆ క్యాసెట్ మీద పెట్టినంత మనసు ఇంకేదాని మీదా పెట్టలేదు. తీరా చూస్తే చివరి జోలపాట ఎక్కిస్తే క్యాసెట్ గొంతుదాకా నిండిపోతుంది, కొసరుకు చోటే ఉండదు. ఆ మధ్యాహ్నమంతా మిషను ముందు కూర్చొని ఆలోచించాను. ఊరందరినీ, వచ్చేవాడినీ పోయేవాడినీ, కల్లు దుకాణం అతనినీ కూడా మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగిన దాన్ని, నన్ను చేసుకోబోయే మనిషిని మాత్రం అడగకుండా పంపడమా? సగం పాట ఎక్కించడం కొలత తగ్గించి కోసిన గుడ్డ ఇచ్చినట్లు, అది చేయలేను. జోలపాట ఎలాగూ రేడియోలో తరచూ వస్తూనే ఉంటుంది, ఆమె అక్కడ వింటుంది. అలా అనుకొని జోలపాట తీసేసి చిన్న పాట ఎక్కించాను, పైన ఇంకొంచెం టేపు మిగిలితే మిగిలింది. తప్పు చేశానని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు.

అయితే కందకు లేని దురద కత్తిపీటకు వచ్చినట్లు, ఆ పాట పుట్టించిన అనుమానం ఎక్కడెక్కడికో పోయింది. కాబోయే అత్తయ్య ఇంటి ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టుకొని, కొత్త టేప్‌రికార్డర్ ముందు తన జోలపాట కోసం ఓపికగా చివరిదాకా ఎదురుచూసింది. జోలపాట రాలేదు, ఆడపిల్ల ఒకతె తన కొడుకును మళ్ళీ ఎప్పుడొస్తావని అడిగింది. పెళ్ళి కుదిరిన పిల్ల కదా, ముచ్చటపడిందిలే అని ఒకరిద్దరు సర్ది చెప్పారట. కానీ ఎదురింటి డ్రైవరు ఇంట్లో ఇదే పాట విన్నామని ఎవరో అన్నారు. ఆమె లేచి ఆ ఇంటికి వెళ్ళి వాళ్ళ క్యాసెట్ చివర పెట్టించి విన్నది. అక్కడి నుండి ఇంకో ఇల్లు, అక్కడి నుండి ఇంకో ఇల్లు. పెళ్ళీడు మగపిల్లలున్న ఏ ఇంట్లో చేవెళ్ల క్యాసెట్ తిప్పి పెట్టినా ఆ పిల్ల అదే మాట అడుగుతున్నది. మిషను మీద కూర్చునేది నేనేనని మా అన్న గొప్పగా చెప్పాడు కదా, మొయినాబాద్‌లోని పడుచువాళ్ళందరికీ కబురు పెడుతున్న ఈ పిల్ల మన ఇంటికి కోడలా అని ఆమె అనుకోవడంలో వింతేమీ లేదు. పెద్దవాళ్ళు వచ్చి మాట్లాడిపోవాలని కబురు వచ్చింది.

కబురు విని అన్న తల పట్టుకున్నాడు, అమ్మ దేవుని గూటి ముందు కూర్చున్నది, బాపు మాత్రం నవ్వాడు. కొసరు సంగతి వ్యాపారస్తుల ఇంట్లో చెప్పడం ఎంతసేపు అని, దుకాణంలో తీసుకుపోవడానికి సిద్ధంగా ఉన్న గిరాకీల క్యాసెట్లు కొన్ని సంచిలో వేసుకొని బస్సెక్కాడు. ఆ నవ్వు చూసి నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన సంచిలో ఉన్నది పచ్చి నిజమే, కానీ ఆయనకు తెలియని నిజం ఆ ఇంటి టేప్‌రికార్డర్‌లో ఉన్నది. మిగిలినదాంట్లో నుండి వేస్తే అది కొసరు. అడిగిన సరుకు తగ్గించి వేస్తే దానికి మా దుకాణంలో వేరే పేరు, ఆ పేరు బాపు బతుకంతా ఎవరి చేతా అనిపించుకోలేదు. ఆమె నా పాటేదని ఒక్క మాట అడిగితే చాలు, సంబంధం పోవడం ఒక ఎత్తు, చేవెళ్ల షావుకారు తూకం కోశాడన్న మాట ఒక ఎత్తు. ఆ పూట నేను ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతూ కూర్చున్నాను.

అక్కడ జరిగింది బాపు చెప్పగా విన్నదే. సాయిబు ఖవ్వాలీల క్యాసెట్ పెట్టించి చివర వినిపించాడట, పళ్ళూడిన ఒక ముసలాయన భజనల క్యాసెట్ పెట్టించి వినిపించాడట, కల్లు దుకాణం క్యాసెట్ వినిపించాడట, నా బిడ్డ వీళ్ళందరినీ పెళ్ళాడదు కదమ్మా అన్నాడట. ఇల్లంతా గొల్లుమన్నదట. కొసరు మాట వినగానే ఆమె ముఖం కూడా విచ్చుకున్నదట, వాళ్ళ దుకాణంలో గుడ్డ కొలిచాక బెత్తెడు పైన వదిలేది ఆమె చేతులతోనే కదా. అంతా తేలికపడి చాయ్ తెస్తూంటే ఆమె ఆగి, అడగనే అడిగిందట.

“కొసరు సంగతి సమజైంది. మరి నేనడిగిన పాట ఏమాయె?”

బాపుకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అప్పుడు తలుపు దగ్గర నిలబడి ఉన్న పెళ్ళికొడుకు, “నేనే చెప్పుడు మర్శిన అమ్మా” అన్నారట. అంతే, ఆ మాటతో మాట ముగిసింది, చాయ్ వచ్చింది, లగ్గం రోజు అనుకొని లేచారు.

ఇంటికి వచ్చి ఇదంతా నవ్వుతూ చెప్పిన బాపు, ఆ మర్నాడు దుకాణంలో బెల్లం తూస్తూ, నా వైపు చూడకుండా, “కొసరియ్యాలె బిడ్డా, గని అసలుల కోసి ఇయ్యద్దు” అన్నాడు. అది మామూలుగా అన్న మాటా, నాకు తగిలించిన మాటా, నాకీ రోజు వరకూ తెలియదు. బాపుకు తెలిసే ఉంటుందని నా అనుమానం.

అంతకన్నా పెద్ద అనుమానాన్ని మాత్రం నేను మూటగట్టుకొని మొయినాబాద్ కాపురానికి తీసుకెళ్ళాను. ఆయన పాట చెప్పారు, నా చెవులతో విన్నాను. చెప్పలేదని తల్లితో అన్నారు. తెలిసి అబద్ధమాడి నన్నూ మా బాపునూ కాచారా, లేక నిజంగానే చెప్పలేదనుకున్నారా? మతిమరుపు మనిషి కాకపోతే నేను మొదటి రోజే తేల్చుకునేదాన్ని. గొడుగులు, తాళంచెవులు, దుకాణంలో గిరాకీకి చుట్టిపెట్టిన చీరలు, ఒకసారి ఏకంగా స్కూటర్‌ను గండిపేటలో మరిచి బస్సులో ఇంటికి వచ్చిన మనిషి. అడిగి తెలుసుకుందామంటే, అడగడమంటే చెప్పేసుకోవడమే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్లు. ఆయనా ఎన్నడూ ఎత్తలేదు.

పైగా పెళ్ళయి వచ్చేటప్పుడు నేను ఒక క్యాసెట్ నిండా అత్తయ్యకు నచ్చే పాటలు ఎక్కించి, మొట్టమొదట జోలపాట పెట్టి తెచ్చాను. ఆమె దాన్ని రోజూ మధ్యాహ్నం భోజనాల వేళ పెట్టుకొని వినేది, విని, వచ్చిన వాళ్ళెవరుంటే వాళ్ళతో ఒకటే మాట, “ఊయలూపి పెంచిన తల్లి పాట నా కొడుకు మర్శిండు గని, నా కోడలు మర్వలే.” బజారులో అన్నది, పెళ్ళిళ్ళలో అన్నది, చుట్టాలిళ్ళలో అన్నది. పిల్ల ఖాయం కాగానే తల్లి పాట మరిచిన కొడుకని మావారికి మా బంధువులందరిలో పేరు పడిపోయింది. ఆమె అలా అన్నప్పుడల్లా నేను వడ్డిస్తూ ఓరగా ఆయన ముఖం చూసేదాన్ని. ఆయన పప్పు కలుపుకుంటూ ఉండేవారు. కోపం లేదు, నవ్వు లేదు, ఏమీ లేదు. ఈ మనిషికి నిజంగానే ఏమీ తెలియదనిపించేది ఒక రోజు, కళ్ళు మూసుకొని పాలు తాగే పిల్లి అనిపించేది ఇంకో రోజు. అత్తయ్య చివరి రోజుల్లో దవాఖానలో ఉన్నప్పుడు కూడా, చూడవచ్చిన వాళ్ళతో ఆ మాటే అని నవ్వింది. అప్పుడూ ఆయన ఆమె కాళ్ళు ఒత్తుతూ ఊరుకున్నారు.

ఇదీ కారులో నా గుండె ఝల్లుమనడానికి కారణం. కనకమామిడి దగ్గర బండ్లు కదిలాయి. చిన్న పాట ముగింపుకు వస్తున్నది. ఇక ఉండబట్టలేక, నిజం చెప్పు బిడ్డా, ఇది ఫోను పనేనా అని కోడలిని గట్టిగా అడిగాను. కోడలు నవ్వాపుకోలేకపోయింది.

“మామయ్యనే పెట్టుమన్నరు అత్తమ్మా. ఒకదానెంక ఒకటి రావాలె, నడుమ ఏం రావద్దు అన్నరు. మీకు చెప్పద్దని కూడా అన్నరు.”

మావారు కళ్ళు తెరవలేదు. సీటుకు తల ఆనించుకొని అలాగే అన్నారు, “అప్పుడా క్యాసెట్ డబ్బాల జాగ సాలలే గద. ఈ ఫోన్ల ఎన్నేసినా నిండదట. అందుకే రెండూ పెట్టిపిచ్చిన.”

మరి మర్చిపోయానని ఎందుకన్నారని అడిగాను. అడుగుతూంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“గొడుగు మర్శిపోత, తాళంచెవి మర్శిపోత” అన్నారు మావారు. “అమ్మ పాట మర్శిపోతనా?”

నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అన్నిటికన్నా ముందు కోపమొచ్చింది. అనుమానాన్ని ఇన్నేళ్ళు మోసింది నేను అనుకుంటే, నిందను మోసింది ఆయన, అదీ పప్పన్నం కలుపుకుంటూ. ఒక్కనాడు ఒక్క మాట అంటే ఏం పోయేది? అంటే పోయేది నా పేరు, బాపు పేరు, అని నాకూ తెలుసు. ఆ తెలియడం వల్ల కోపం ఇంకా ఎక్కువైంది. కోడలికి ఏమీ అర్థం కాక అద్దంలో ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నది.

ఇంతలో ఫోను ఇంకేదో పాట అందుకోబోతే, జర ఆపమన్నాను. మా క్యాసెట్లలో ఆ చిన్న పాట అయ్యాక టేపు కూడా అయిపోయి, మీట టక్కుమని తనంతట తానే పైకి లేచేది. ఎవరో ఒకరు లేచి వెళ్ళి డబ్బా తిప్పి పెట్టేదాకా ఇంట్లో పాట ఉండేది కాదు, ఏమన్నా చెప్పుకోవాలంటే అప్పుడు చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు పాట వెనక పాట, చోటుకు కరువు లేదు, దేన్నీ తీయనక్కరలేదు, ఒకరి కోసం ఒకటి వదులుకోవలసిన అవసరమే లేదు. మంచిదే, పిల్లలు అదృష్టవంతులు. కాకపోతే వదులుకున్నది ఏమిటో చూసి మనిషిని తెలుసుకునే దారి ఒకటి మాకుండేది, అది వీళ్ళకు ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు.

చేవెళ్ల వచ్చేసింది. మా బాపు దుకాణం ఉన్న చోట ఇప్పుడు ఫోన్లమ్మే దుకాణం ఉన్నది, దాని ముందు నుండే వెళ్ళాము. పాటలకైతే ఇప్పుడు చావు లేదు, ఆ జోలపాట కోడలి ఫోనులో పదిలంగా ఉన్నది, ఎవరు ఎప్పుడు అడిగినా ఊయల ఊపి పాడుతుంది. దాన్ని ఆనాడు అడిగిన ఆమే లేదు. నీ కొడుకు మర్చిపోలేదు అత్తయ్యా అని నేనిప్పుడు ఎవరికి చెప్పాలి?